నెత్తురు కారని గాయం: కోతమిల్లులో తలకు, చెవికి రక్షణ వచ్చిన కథ

కోతమిల్లులో దుంగ జారి పనివాని తలకు తగిలిందనుకోండి. వెంటనే మిల్లు ఆగిపోతుంది. నలుగురూ పరుగెత్తి వస్తారు. అతనిని ఆసుపత్రికి చేరుస్తారు. యజమాని పదిమందికీ సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అదే మిల్లులో ఇరవై ఏండ్లు రంపం ప్రక్కన నిలబడినవాడు చెవిటివాడైతే మిల్లు ఒక్క క్షణమైనా ఆగదు. ఎవరూ పరుగెత్తి రారు. తన చెవి ఏ రోజున పోయిందో అతనికే తెలియదు. మొదటిది నెత్తురు కారే గాయం, రెండవది నెత్తురు కారని గాయం.

ఈ రెండు గాయాలకూ మానవుడు రక్షణ కల్పించుకొన్నాడు. కాని ఆ రెండు రక్షణలూ ఒకే వేగంతో రాలేదు. పరిశ్రమలో పనిచేసేవారికి గట్టి టోపీ 1919లో రూపొందింది. ఇరవై ఏండ్లు తిరగకముందే పెద్ద నిర్మాణాలలో అది నియమంగా మారింది. మోత వల్ల చెవుడు వస్తుందన్న సంగతి మాత్రం 1713 నాటికే అచ్చులో ఉన్నది. అయినా చెవిని కాపాడే నియమాలు చట్టాలలోకి ఎక్కడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఇంత వ్యత్యాసానికి కారణమేమో తెలుసుకోవాలంటే ముందుగా రంపం సంగతి చూడాలి.

రంపానికి హోరు ఎట్లా వచ్చింది?

యంత్రాలు లేని కాలంలో దుంగను గోతిమీద అడ్డంగా పెట్టి, ఒకడు పైన, మరొకడు గోతిలో నిలబడి పెద్ద రంపాన్ని లాగేవారు. అది ఒళ్ళు విరిచే పని. క్రిందివాని కండ్లలో రంపపుపొట్టు పడేది. కాని ఆ రంపపు చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినిపించేది.

1590లలో హాలెండు దేశంలో కోర్నెలిస్ కోర్నెలిస్‌జూన్ అనే ఆయన గాలిమర తిరుగుడును రంపపు పైకిక్రింది కదలికగా మార్చే కోతమిల్లును నిర్మించాడు. దానితో నౌకలకు కావలసిన పలకలు త్వరగా తయారయ్యాయి. 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులో గుండ్రని రంపం ప్రస్తావన ఉన్నది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో పోర్ట్స్‌మత్ నౌకాస్థావరంలో, ఓడలకు కావలసిన కప్పీలను తయారుచేసే యంత్రశాలలో చక్రరంపాలు తిరిగాయి. 1808లో విలియం న్యూబెరీ పట్టీరంపానికి పేటెంటు తీసుకొన్నాడు. తరువాత ఆవిరియంత్రం, ఆపైన విద్యుత్తు వచ్చి ఈ రంపాలకు విపరీతమైన వేగాన్ని ఇచ్చాయి.

ఆ వేగమెంతో ఒక లెక్క చేసి చూద్దాం. ఒక మీటరు వ్యాసం గల చక్రరంపం సెకనుకు 16 సార్లు తిరుగుతున్నదనుకొందాం. దాని చుట్టుకొలత 3.14 మీటర్లు. కనుక పన్ను మొన సెకనుకు సుమారు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు పోతుంది. రంపానికి 60 పండ్లుంటే సెకనుకు 960 పండ్లు కలపను కొరుకుతాయి. పండ్ల మధ్యనున్న పల్లాలు గాలిని చీలుస్తాయి. పలుచని ఉక్కుచక్రం కంచుపళ్ళెంవలె కంపిస్తుంది. కోయబడుతున్న పలక కూడా దానితోపాటు మ్రోగుతుంది. ఈ మూడూ కలిసినదే కోతమిల్లు హోరు. కలప పెట్టకుండా రంపాన్ని ఉత్తగా తిప్పినా మోత పూర్తిగా తగ్గకపోవడానికి మొదటి రెండు కారణాలే మూలం.

కంచరుల వీధి నుండి బాయిలరు కార్ఖానాకు

చెవుడుకు, వృత్తికి గల సంబంధాన్ని మొదట స్పష్టంగా చెప్పినవారిలో ముఖ్యుడు ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ. వైద్యుడు రోగిని అడుగవలసిన ప్రశ్నలలో “నీ వృత్తి ఏమి?” అన్నదానిని కూడా చేర్చిన మహనీయుడాయన. వృత్తిదారులకు వచ్చే వ్యాధులపై ఆయన వ్రాసిన గ్రంథం 1700లో వెలువడింది. 1713లో దానిని పెంచి మళ్ళీ ప్రచురించాడు. వెనిస్ నగరంలో కంచరులందరూ ఒకేచోట కాపురముండి, పగలంతా రాగిరేకులను సుత్తులతో సాగగొడుతుండేవారు. ఆ నిరంతరపు మోతకు వారి చెవులు దెబ్బతింటాయనీ, అదే పనిలో ముసలివారైతే పూర్తిగా చెవిటివారవుతారనీ ఆయన వ్రాశాడు. కంచరివీధులు మన ఊళ్ళలోనూ ఉండేవి కనుక ఈ దృశ్యం మన పాఠకులకు క్రొత్త కాదు.

1831లో లాన్సెట్ వైద్యపత్రికలో జాన్ ఫాస్‌బ్రోక్ కమ్మరుల చెవుడును గురించి వ్రాశాడు. అయితే ఈ విషయాన్ని అంకెలతో నిరూపించినవాడు గ్లాస్గో నగరపు చెవివైద్యుడు థామస్ బార్. ఆ నగరంలో ఓడలకు బాయిలర్లు తయారుచేసే కార్ఖానాలు ఎన్నో ఉండేవి. ఇనుపరేకులకు బయటినుండి ఒకరు రివెట్లు కొడుతుంటే, మరొకరు బాయిలరు లోపల కూర్చొని వాటిని అదిమి పట్టేవారు. పెద్ద గంట లోపల తల పెట్టి ఆ గంటను మ్రోగించడంవంటిదే ఈ పని.

బార్ 1886లో ప్రకటించిన పరిశీలనలో నూరుమంది బాయిలరు పనివారు, నూరుమంది ఇనుము పోతపోసేవారు, నూరుమంది తపాలా జవానులు ఉన్నారు. జేబుగడియారం టిక్‌టిక్ చప్పుడు ఎంత దూరంలో వినబడుతుందో కొలిచి ఆయన వారి వినికిడిని పరీక్షించాడు. నూరుమంది బాయిలరు పనివారిలో సరియైన వినికిడి గలవాడు ఒక్కడైనా కనబడలేదు. బహిరంగసభలో ఉపన్యాసం వినడమే వారిలో నూటికి సుమారు డెబ్బదియైదుగురికి కష్టమైపోయింది. తపాలా జవానులలో అట్టివారు కొద్దిమందే. వయస్సు వల్ల వచ్చే చెవుడును, మోత వల్ల వచ్చే చెవుడును వేరుచేసి చూపడానికి ఈ పోలిక ఎంతో ఉపకరించింది. విద్యార్థులు గమనించవలసిన శాస్త్రీయ పద్ధతి ఇదే. రోగిని మాత్రమే చూస్తే చాలదు, ఆ కారణం సోకనివానిని కూడా ప్రక్కన నిలబెట్టి చూడాలి.

చెవి లోపల ఏమి జరుగుతుంది?

1851లో అల్ఫోన్సో కోర్టి అంతరకర్ణంలోని సూక్ష్మనిర్మాణాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించి వర్ణించాడు. నత్తగుల్లవలె చుట్టుకొని ఉండే కాక్లియా అనే భాగంలో రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు 15,000 మాత్రమే. కర్ణభేరి నుండి వచ్చే కంపనాలను నాడీసంకేతాలుగా మార్చేవి ఇవే. 1890లో యోహానెస్ హాబెర్‌మన్ అనే వైద్యుడు, మోతలో జీవితమంతా పనిచేసి చనిపోయిన ఒక వృద్ధుని అంతరకర్ణాన్ని పరీక్షించి, కాక్లియా మొదటి చుట్టులో రోమకణాలు నశించి ఉండడం చూశాడు. కాక్లియాలో ధ్వనితరంగాలు ఏ విధంగా ప్రయాణిస్తాయో గేయార్గ్ ఫాన్ బెకెసీ పరిశోధించి 1961లో నోబెల్ బహుమతి పొందాడు. హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు కాక్లియా మొదటిలోను, తక్కువ పౌనఃపున్యం గలవి కొసవైపున ప్రభావం చూపుతాయని ఆ పరిశోధనల వల్ల విశదమైంది.

చర్మానికి దెబ్బ తగిలితే మానుతుంది. ఎముక విరిగితే అతుకుతుంది. మనిషి చెవిలో చనిపోయిన రోమకణం మాత్రం మళ్ళీ పుట్టదు. మోత వల్ల నష్టం సాధారణంగా సెకనుకు 4,000 కంపనాల ప్రాంతంలో మొదలవుతుంది. ఈ కారణంగానే పనివానికి తన నష్టం తెలిసిరాదు. మన మాటలలో ఆ, ఓ వంటి అచ్చులు తక్కువ పౌనఃపున్యంలోను, స, చ, త, ప వంటి హల్లుల స్ఫుటత్వం హెచ్చు పౌనఃపున్యంలోను ఉంటాయి. అతనికి ఎవరో మాట్లాడుతున్నారని వినబడుతుంది. ఏమి మాట్లాడుతున్నారో తెలియదు. పాలు, చాలు, కాలు, తాలు అన్నీ అతని చెవికి ఒక్కటే. “నాకు వినబడుతూనే ఉన్నది, మీరే నోట్లో గొణుగుతున్నారు” అని అతడు ఇంటివారిని కసురుకొంటాడు. ఇంటివారు అతనిని పరధ్యానపు మనిషి అనుకొంటారు. నిజానికి అతని పరీక్షాఫలితం ఆ నాలుగు మాటలలోనే ఉన్నది.

తలకు గట్టి టోపీ

తలకు రక్షణ యుద్ధభూమి నుండి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలలోని సైనికుల తలలపై ఫిరంగిగుండ్ల ముక్కలు పడుతుండడం వల్ల 1915లో ఫ్రెంచి సైన్యం ఆడ్రియన్ రూపొందించిన ఉక్కు శిరస్త్రాణాన్ని ప్రవేశపెట్టింది. ఆ యుద్ధంలో పాల్గొని అమెరికాకు తిరిగివచ్చిన ఎడ్వర్డ్ బుల్లార్డ్ కుటుంబానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో గనిపనివారి సామాగ్రి అమ్మే వ్యాపారముండేది. ఆయన కాన్వాసు గుడ్డను జిగురుతో తడిపి, ఆవిరిలో ఉడికించి, తోలు అంచుతో ఒక టోపీ తయారుచేసి 1919లో విడుదల చేశాడు. 1931లో ఆరంభమైన హూవర్ ఆనకట్ట నిర్మాణంలో కొందరు కూలీలు తమ గుడ్డటోపీలను తారులో ముంచి గట్టిపరచుకొని ధరించారు. చట్టం చెప్పకముందే నెత్తిన పడిన రాళ్ళు వారికి ఆ పాఠం చెప్పాయి.

1933లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్‌గేట్ వంతెన పని మొదలైనప్పుడు ముఖ్య ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ పనివారందరూ గట్టిటోపీ ధరించి తీరాలని నిర్ణయించాడు. వంతెన క్రింద వల కట్టించాడు. ఆ వలలో పడి 19 మంది బ్రతికారు. 1937లో వంతెన పూర్తయ్యేసరికి 11 మంది మరణించారు. అంత పెద్ద పనిలో అంతకు చాలా రెట్లు ప్రాణనష్టం సహజమని భావించిన రోజులవి. తరువాత అల్యూమినియం, గాజునార, ప్లాస్టిక్ టోపీలు వరుసగా వచ్చాయి. దుంగలు దొర్లేచోట, క్రేనుతో కలప ఎత్తేచోట, రంపం చెక్కముక్కను వెనుకకు విసరికొట్టేచోట ఇవి అవసరమయ్యాయి.

టోపీ గట్టిదనంలోనే రక్షణ ఉన్నదని చాలామంది అనుకొంటారు. అసలు కీలకం లోపలి పట్టీలలో ఉన్నది. ఒక కిలోగ్రాము బరువు 5 మీటర్ల ఎత్తునుండి పడితే దాని గతిశక్తి 49 జౌల్‌లు. అది 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే సగటు బలం 24,500 న్యూటన్‌లు. పట్టీలు సాగి 3 సెంటీమీటర్లలో మెల్లగా ఆపితే ఆ బలం సుమారు 1,630 న్యూటన్‌లకు, అంటే పదిహేనవ వంతుకు తగ్గుతుంది. క్రికెటు ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులను వెనుకకు లాగడంలోని సూత్రమే ఇది. పట్టీలు తెగిపోయిన టోపీ చూడడానికి టోపీయే గాని రక్షణ కాదు. టోపీకి, తలకు మధ్యనున్న ఖాళీలో బీడీకట్టయో, తువ్వాలో కుక్కినా ఫలితం అంతే.

చెవి ఎందుకు వెనుకబడింది?

చెవిని మూసుకోవడానికి సాధనాలు లేక ఈ ఆలస్యం జరగలేదు. 1907లో బెర్లిన్‌లో మాక్స్ నెగ్వర్ అనే ఔషధవ్యాపారి మైనమూ, దూదీ కలిపి చెవిబిరడాలను తయారుచేశాడు. వాటిని జర్మన్ సైనికులు కూడా వాడారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో మెత్తని రబ్బరువంటి పదార్థంతో చెవికి సరిపోయే బిరడాలు తయారయ్యాయి. ఆలస్యానికి అసలు కారణాలు మూడు.

మొదటిది, ఆ గాయం కనబడదు. రెండవది, చెవుడు ఆ వృత్తిలో సహజమని పనివారూ, యజమానులూ ఒకరీతిగానే నమ్మారు. “బాయిలరువాళ్ళ చెవుడు” అని దానికి ఒక పేరు పెట్టి ఊరకున్నారు. పేరు పెట్టిన తరువాత దానిని వ్యాధిగా కాక వృత్తిలక్షణంగా చూశారు. మూడవది, చాలాకాలం వరకు మోతకు కొలత లేదు. గడియారపు టిక్‌టిక్‌తో చట్టం వ్రాయలేము గదా! 1920లలో బెల్ టెలిఫోను సంస్థ ఇంజనీర్లు వాడుకలోకి తెచ్చిన డెసిబెల్ ప్రమాణమూ, 1922 ప్రాంతంలో వచ్చిన విద్యుత్ వినికిడిమాపకమూ ఈ లోటును తీర్చాయి.

డెసిబెల్ కొలతలో 10 పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్‌లు. చక్రరంపం ప్రక్కన 100 డెసిబెల్‌లు ఉండడం సాధారణం. తేడా 40 అని తేలికగా తీసుకోరాదు; తీవ్రత పదివేల రెట్లు పెరిగిందని అర్థం.

కొలత వచ్చిన తరువాత న్యాయస్థానాలు కదిలాయి. జీతం తగ్గకపోయినా, వినికిడి పోయినందుకే నష్టపరిహారం ఇవ్వాలని 1948లో న్యూయార్కు రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. దానితో చెవుడుకు ధర ఏర్పడింది. ధర ఏర్పడగానే మోతను తగ్గించే ఆలోచన మొదలైంది. 1969లో అమెరికా ప్రభుత్వపు కంట్రాక్టుదారులకు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్‌ల హద్దు ఏర్పడింది. 1970లో చేసిన వృత్తిభద్రతా చట్టం తరువాత అది ఇతర పరిశ్రమలకూ వర్తించింది. బ్రిటన్‌లో శబ్దాన్ని అంకెతో హద్దుపరచిన తొలి నియమాలలో కలపయంత్రాల నియమాలు, 1974 ఒకటి. మోత తగ్గించాలనీ, తగ్గకపోతే చెవిరక్షలు ఇచ్చి ధరింపజేయాలనీ అవి శాసించాయి. వినికిడి రక్షణ చరిత్రలో కోతమిల్లుకు ఈ విధంగా ప్రత్యేకస్థానం దక్కింది. 1972లో, నలిపి దూర్చితే చెవిలో మెల్లగా ఉబ్బి అమరే నురుగుబిరడాలు అమెరికాలో బజారుకు వచ్చాయి. అడవిలో మోటారురంపంతో చెట్లు కొట్టేవారికి గట్టిటోపీ, చెవిచిప్పలు, ముఖానికి వలతెర ఒక్కటిగా కూర్చినవి వచ్చాయి. తల, చెవి ఒకే రక్షణక్రిందికి చేరాయి.

తొడిగితే చాలునా?

ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు అంగీకరించే లెక్క ప్రకారం 85 డెసిబెల్‌ల మోతలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చు. మోత 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా కాలం సగం కావాలి. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి 1 గంట, 97కి 30 నిమిషాలు, 100కి 15 నిమిషాలు మాత్రమే.

ఈ లెక్కలో ఒక ఆశ్చర్యకరమైన విషయం దాగి ఉన్నది. 100 డెసిబెల్‌ల మిల్లులో పనిచేసేవాడు 30 డెసిబెల్‌లు తగ్గించే మంచి చెవిరక్షను తొడిగాడనుకోండి. మాట్లాడడానికో, చెమట తుడుచుకోవడానికో రోజు మొత్తంమీద 48 నిమిషాలు దానిని తీసివేశాడు. మిగిలిన ఏడుగంటలకు పైగా తొడిగే ఉన్నాడు. అయినా ఆ 48 నిమిషాలలోనే అతని చెవి రోజుకు తగిన మోతాదుకు మూడింతలు అనుభవించింది. సగం రోజు తీసివేస్తే 30 డెసిబెల్‌ల రక్షణ 3 డెసిబెల్‌ల పాటిదే అవుతుంది. గొడుగును పదినిమిషాలు మూస్తే పదినిమిషాల వానకే తడుస్తాము. కాని ఇక్కడి వాన కుండపోత. పైగా ప్రయోగశాలలో వచ్చిన 30 డెసిబెల్‌లు మిల్లులో రావు. బిరడా సరిగా దూర్చకపోయినా, కండ్లజోడు కాడ వల్ల చెవిచిప్ప క్రింద సందు ఏర్పడినా రక్షణ తగ్గిపోతుంది.

“చెవులు మూసుకొంటే రంపం మాట ఎట్లా వినబడుతుంది?” అని అనుభవజ్ఞులైన కోతగాండ్లు అడుగుతారు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. పన్ను మొద్దుబారిందా, కలపలో మేకు తగిలిందా అని చెవితోనే పోల్చుకొనే నేర్పు వారిది. అయితే 1946లో కార్ల్ క్రైటర్ ప్రకటించిన ప్రయోగాలలో, పెద్దమోతలో బిరడాలు పెట్టుకొన్నవారికి ఎదుటివారి మాట పెట్టుకోనివారికంటె తక్కువగా కాక, ఒక్కొక్కప్పుడు ఇంకా బాగుగా తెలిసింది. బిరడా మోతనూ, మాటనూ సమానంగానే తగ్గిస్తుంది. తీవ్రతకు ఉక్కిరిబిక్కిరి అయిన చెవికి ఊపిరి తీసుకొనే వీలు కలుగుతుంది. కాని ఈ లాభం వినికిడి బాగుగా ఉన్నవారికే. చెవి సగం పోయినవానికి బిరడా పెడితే మాట మరింత కష్టమవుతుంది. అందుచేత రక్షణ ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుండే ఆరంభం కావాలి.

మనిషికి తొడుగు వేయడం కంటె యంత్రాన్ని సరిదిద్దడం మేలు. ఈ సూత్రాన్ని కలపయంత్రాల విషయంలో విశదంగా చెప్పినవారిలో ఒకరు, తరువాత ప్రపంచప్రసిద్ధ రచయిత అయిన ఫ్రాంజ్ కాఫ్కా. ప్రాగ్ నగరంలో కార్మికుల ప్రమాదబీమాసంస్థలో ఉద్యోగిగా ఉన్నప్పుడు, చిత్రికపట్టే యంత్రాలలో వ్రేళ్ళు తెగిపోవడానికి చదరపు ఇరుసు కారణమనీ, గుండ్రని ఇరుసు వాడాలనీ 1910లో బొమ్మలతో సహా నివేదిక వ్రాశాడు. పనివానిని జాగ్రత్తగా ఉండమనడానికి బదులు ఇరుసును మార్చమన్నాడు. మోత విషయంలోనూ అంతే. కంపనాన్ని అణచేందుకు రంపపు పలకలో సన్నని చీలికలు కోయడం, చిత్రికయంత్రంలో తిన్నని కత్తులకు బదులు మెలితిరిగిన కత్తులు అమర్చడం, యంత్రాన్ని పెట్టెవంటి గదిలో మూయడం, పండ్లను వేళకు పదును పెట్టడం, ఇవన్నీ మోతను పుట్టినచోటనే తగ్గిస్తాయి. ఇవి చేసిన తరువాత మిగిలిన మోతకు చెవిరక్ష కావాలి.

మన మిల్లులు

ఒకప్పుడు గోదావరిమీద తెప్పలుగా కట్టిన కలప రాజమహేంద్రవరానికి దిగివచ్చేది. నేడు దాదాపు ప్రతి పట్టణంలోను కలప అడితుల ప్రక్కన చిన్నవో పెద్దవో కోతమిల్లులు ఉన్నాయి. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించినప్పుడు మోత వల్ల కలిగే చెవుడును, అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చారు. కాని ఆ చట్టం సాధారణంగా యంత్రశక్తితో నడిచే చోట పదిమంది ఉంటేనే దానిని ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతి ఆ సంఖ్యను ఇరవై చేసింది. నలుగురైదుగురితో నడిచే మిల్లు రంపం పెద్దమిల్లు రంపమంత మోతా చేస్తుంది; ఆ నలుగురైదుగురి చెవులూ తక్కినవారి చెవులవంటివే. చట్టం చేరని చోటికి విజ్ఞానం చేరాలి.

దానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. చేయి చాచినంత దూరంలో నిలబడిన మనిషికి వినబడడానికి గొంతు పెంచవలసివస్తే అక్కడి మోత 85 డెసిబెల్‌లకు చేరువలోనో, పైనో ఉన్నదని స్థూలంగా గ్రహించవచ్చు. పని ముగిసిన తరువాత చెవులలో గీమని హోరు వినబడితే అది చెవి చేస్తున్న ఫిర్యాదు. భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు ధ్వని పాఠం చెప్పే రోజున ఈ రెండు గుర్తులనూ, పైన చెప్పిన కాలపట్టికనూ నల్లబల్లమీద వ్రాయించవచ్చు. కోతమిల్లులో పనిచేసే తండ్రులు గల పిల్లలు తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు. ఆ పట్టికను వారు ఇంటికి తీసుకొనిపోతారు. రామజ్జినీ అడిగిన “నీ వృత్తి ఏమి?” అన్న ప్రశ్నను మనమూ అడగడానికి బడికంటె తగిన చోటు లేదు.